హెడ్‌ఫోన్ అవతల సాంచ చప్పుడు

మా వాడలో ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నేను మొదట అడిగేది, అప్పుడు టైమెంత అని. రెండోది, ఆ పూట ఏం తిన్నారని. ఈ రెండింటికీ తడబడకుండా జవాబు చెప్పినవాళ్లను డెబ్బై ఒక్కేళ్లలో ఒక్కరిని కూడా చూడలేదు. మా ఆయన పోయింది ఈ ఇంట్లోనే. కోడలు జ్వరంతో పడుకున్నదీ ఈ ఇంట్లోనే. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాను. ఏదీ నా కంటపడలేదు, నేనూ ఏదీ నమ్మలేదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నదానికి వారం రాస్తాను, గంట రాస్తాను, ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం.

వరంగల్‌లో మాది నేతపని వాడ. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు రెండు సాంచెలుండేవి. మా ఆయన పోయాక కొడుకూ కోడలూ నడిపారు. ఏ పూట ఎన్ని మీటర్ల గుడ్డ దిగింది, సాంచ ఎన్నిసార్లు ఆగింది, ఆగినప్పుడల్లా ఎంతసేపు ఆగింది, ఇవన్నీ నేను నోటుబుక్కులో రాసేదాన్ని. పదిహేనేళ్ల కింద రెండూ తుక్కు కింద అమ్మేశాం. షెడ్డుకు గోడలు కట్టించి గది చేయించాను. ఇప్పుడది నా మనవరాలు స్రవంతి గది.

స్రవంతికి పందొమ్మిదేళ్లు. తల్లి సుజాత పోయినప్పుడు నాలుగేళ్లు. నా కొడుకు రెండో పెళ్లి చేసుకుని నెక్కొండలో పత్తి మిల్లులో పని చేస్తున్నాడు. నెలకొకసారి వస్తాడు, రెండు గంటలుంటాడు, పోతాడు. పిల్లను పెంచింది నేను.

హనుమకొండలో డిగ్రీ చదువుతూ ఆ పిల్ల కంప్యూటర్లో తుపాకుల ఆట నేర్చుకుంది. నలుగురు ఒక జట్టు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు చిన్న మైకు పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడతారు. ఆ ఆటలో శత్రువు కంటికి కనపడక ముందే అడుగుల చప్పుడు వినిపిస్తుందట. ఎడమ నుంచా, కుడి నుంచా, మెట్ల మీదనా అని పోల్చుకుని చెప్పాలి. జట్టులో ఆ పని స్రవంతిది. కాలేజీ తరఫున పోటీకి పంపే జట్టు కోసం ఐదుగురిని చూస్తున్నారని, అందులో నలుగురికే చోటని చెప్పింది. కెప్టెన్ హర్ష అని తన క్లాసు అబ్బాయి.

“ఈ సీటు పోతే మళ్ల నన్ను ఎవ్వలు పిలువరు బాపమ్మా,” అంది. ఊహ తెలిశాక ఆ పిల్ల నోరు తెరిచి నా దగ్గర కావాలని చెప్పిన మొదటి మాట ఇదే.

జూన్ రెండో ఆదివారం, పొద్దున పదీ పన్నెండు. నేను ఆ గది గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. స్రవంతి ఆట ఆపి, అవతలి గొంతు నాకూ వినపడేలా స్పీకరు పెట్టింది.

“మీ ఇంట్ల మిషనేదో నడుస్తాంది, జర బంద్ చెయ్‌రాదు,” అన్నాడు హర్ష.

“మా ఇంట్ల మిషనేంది, కుట్టు మిషన్ గూడ లేదు.”

“మరి టకటక ఏంది? పక్కన రైలు పోయినట్టున్నది. నీ మాట ఒక్కటి సమజైతలేదు.”

ఇంట్లో తిరుగుతున్నది ఫ్యాను ఒక్కటే. అది ఆపాం. అయినా పోలేదన్నాడు. హెడ్‌ఫోన్ అగ్గువ ధరది, మైకు పాడై ఉంటుందని ముగ్గురం అనుకున్నాం.

ఆ గురువారం బస్సెక్కి హనుమకొండ చౌరస్తాకు పోయాం. సామాను కొనడానికి పోయేముందు ఏం కావాలో కొలుచుకుని పోవడం నా అలవాటు. కంప్యూటర్ వెనక తీగ పెట్టే చోటు నుంచి కుర్చీలో కూర్చున్న స్రవంతి చెవి దాకా దారంతో కొలిచి, ఆ దారం సంచిలో వేసుకున్నాను. దుకాణపతను ఆ దారాన్ని చూసి నవ్వాడు.

“ఏంది పెద్దమ్మా, గేమ్ నువ్వే ఆడుతవా?”

“నేనాడితే నువ్వు ఓడిపోతవ్. బరువెంతో చెప్పు.”

బరువు అడిగినవాళ్లు లేరన్నాడు. మూడు గంటలు నెత్తి మీద మోసేదాన్ని బరువు చూడకుండా ఎట్లా కొంటారో నాకు అర్థం కాదు. డబ్బాలు తిరగేసి చూస్తే మొదటిది మూడు వందల నలభై గ్రాములు, ఇంకొకటి రెండు వందల అరవై. ఆ గంటలో చాలా తెలుసుకున్నాను. చెవిని పూర్తిగా మూసేది బయటి చప్పుడు రానివ్వదు గాని చెమట పోస్తుంది. వెనక జాలీ ఉన్నది హాయిగా ఉంటుంది గాని దాని చప్పుడు బయటికి కారి మళ్లీ మైకులో పడుతుంది. తీగ లేనిది సోకుగా ఉంటుంది, కానీ అగ్గువ వాటిలో చప్పుడు రవ్వంత ఆలస్యంగా వస్తుంది. అడుగుల చప్పుడు పట్టేవాళ్లకు ఆ రవ్వంతే నష్టం. గుండెలదిరేలా మోగేది మంచిదనుకుంటారు, అది తప్పు. బాంబుల మోతలో అడుగులు మునిగిపోతాయి.

చివరికి చెవిని మూసేది, తీగ ఉన్నది, రెక్సిన్ కాకుండా గుడ్డ దిండ్లున్నది, రెండు వందల అరవై గ్రాములది తీసుకున్నాం. తీగ నా దారం కంటే రెండు జానలు ఎక్కువే ఉంది. మైకు నోటి ముందరి మాటనే తీసుకుంటుందని, ఫ్యాను, కుక్కరు విజిలు అన్నీ కోసేస్తుందని దుకాణపతను చెప్పాడు. చెప్పడమే కాదు, బల్లఫ్యాను పక్కన పెట్టి తన ఫోనుకు మాట్లాడి చూపించాడు. ఫ్యాను చప్పుడు నిజంగానే మాయమైంది.

ఇంటికొచ్చి సాయంత్రం ఐదున్నరకు పెట్టి చూశాం. హర్ష అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“ఫ్యాను పోయింది, నీ గొంతు మంచిగ వస్తాంది. మిషన్ మాత్రం ఇంకా సాఫ్‌గ ఇనస్తాంది.”

తర్వాత అతను తన హెడ్‌ఫోనే కాలేజీలో స్రవంతికిచ్చాడు. అది తీగ లేనిది. వాళ్లింట్లో దానిలో ఏ చప్పుడూ లేదు. మా వెనక గదిలో పెట్టగానే అవతలికి అదే చప్పుడు. ఇంటి ముందరి గదిలో, వంటింట్లో పెడితే లేదు. వెనక గదిలోనే ఉంది.

ఇక నేను ఆరా తీయడం మొదలుపెట్టాను. మా వాడలో ఇప్పుడు నడిచే సాంచెల షెడ్లు రెండే. ఒకటి పెళ్లి పనులని ఆ నెలంతా మూసే ఉంది. రెండోది మా గోడ నుంచి రెండు వందల పన్నెండు అడుగుల దూరం. దానికి ఆదివారం సెలవు. అయినా ఒక బుధవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా తీగలు మార్చడానికి వాడ మొత్తానికి కరెంటు ఆపుతామన్నారు. స్రవంతి స్నేహితురాలి లాప్‌టాప్ తెచ్చి, ఫోను నెట్టు పెట్టుకుని, మూడున్నరకు హర్షతో మాట్లాడింది. వాడంతా చడీచప్పుడు లేదు. కరెంటు లేకుండా ఏ సాంచా నడవదు.

“ఉన్నదా?” అని అడిగింది.

“ఉన్నది.”

ఆ పూటే ఇంకొకటి కూడా చూశాం. తన మైకులో పడేది తన చెవికే వినిపించే ఏర్పాటు ఆ హెడ్‌ఫోన్లో ఉంది. అది పెట్టుకుని వింటే స్రవంతి గొంతు ఉంది, నా దగ్గు ఉంది, ఆ చప్పుడు లేదు. మా దగ్గర రికార్డు చేస్తే లేదు. అదే సమయానికి హర్ష తన దగ్గర రికార్డు చేస్తే ఉంది. అవతలి మనిషికి తప్ప ఇవతల ఉన్నవాళ్లకు అది వినపడదు.

ఆ పద్దెనిమిది నిమిషాల రికార్డు అతను పంపాడు. ఆ రోజే ఐదూ పదికి స్రవంతి హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది.

నిమిషం కాకముందే అది సాంచ అని తెలిసింది. రెండో నిమిషానికి అది మా రెండో సాంచ అని తెలిసింది. దాని చక్రానికి ఒక పన్ను అరిగి ఉండేది, తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ మెత్తగా పడేది. తర్వాత సాంచ ఆగింది. పోగు తెగితే ఆపి, తెగిన కొసలు ముడేసి, మళ్లీ నడిపిస్తారు. పనితనమున్న చేతికి ఇరవై, ఇరవై ఐదు లెక్కపెట్టేంత సేపు చాలు. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. అప్పుడు సాంచను నడిపించే పిడి లాగిన చప్పుడు వచ్చింది. సాంచ ఒకసారి గునిసి ఆగి, రెండోసారికి అందుకుంది. రికార్డు అయిపోయేలోపు ఇంకా నాలుగుసార్లు ఆగింది. యాభై, నలభై ఏడు, యాభై ఒకటి, నలభై తొమ్మిది. ప్రతిసారీ రెండో లాగుడుకే అందుకుంది.

మా ఇంట్లో ముడికి అంతసేపు తీసుకునే చెయ్యి ఒక్కటే. సుజాత వచ్చిన మొదటి ఏడాదే, సాంచలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరి ఆమె కుడిచేతి చూపుడువేలిని నలగ్గొట్టింది. కొస పోయింది. బొటనవేలుతో, మధ్యవేలుతో ముడేసేది. పిడి లాగడానికి పట్టు చాలక రెండుసార్లు లాగేది. అదంతా నాకు తెలుసు. తెలిసీ ప్రతి ఆగుడూ నోటుబుక్కులో రాశాను. వంటింట్లోంచి “సుజాతా, ఇంకెంతసేపు?” అని అరిచేదాన్ని. “అయిపాయె అత్తమ్మా,” అనేది.

హెడ్‌ఫోన్ తీసి, ఏమీ తెలియడం లేదని స్రవంతికి చెప్పాను. మూడు రోజులు అట్లాగే ఉన్నాను.

శనివారం హర్ష కచ్చితంగా చెప్పేశాడు. మర్నాడు చప్పుడు ఉంటే ఐదో పిల్లవాడికి చోటిస్తామన్నాడు. స్రవంతి బట్టలు సర్దుకుంది. హనుమకొండలో స్నేహితురాలి రూములో ఉండి ఆడుకుంటానంది. నిజం రాయాలి, నాకు హాయి అనిపించింది. అది ఇల్లు దాటితే చప్పుడు గొడవ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు.

సంచి భుజానికి వేసుకుని ఆగింది.

“ఆ రికార్డు ఇన్నప్పుడు ఏళ్ల మీద ఏం లెక్కవెట్టినవ్?”

“ఏం లేదు.”

“నాకు కండ్లున్నయి బాపమ్మా. ఐదుసార్లు లెక్కవెట్టినవ్. ఏం లెక్క?”

లెక్క అడిగితే తప్పు చెప్పడం నాకు చేతకాదు. చెప్పాను. అది మీ అమ్మ చెయ్యి అని చెప్పాను. వేలు సంగతి చెప్పాను. స్రవంతి సంచి దించి, కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని పద్దెనిమిది నిమిషాలూ విన్నది. తనూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తల్లి గొంతు ఆ పిల్లకు గుర్తులేదు. ఫొటోలు రెండే ఉన్నాయి.

విని, హెడ్‌ఫోన్ మెడ మీదికి జరుపుకుని అడిగింది. “జ్వరమొచ్చినంక గూడ నడిపిందా?”

“మూడు రోజులు.”

“జ్వరమని నీకు ఎరుకేనా?”

“ఎరుకే. షావుకారికి సోమవారం గుడ్డ ఇయ్యాలె. దవాఖానకు ఒక్క రోజు ఆగి పోదమన్న. మళ్ల ఇంకో రోజు ఆగుమన్న. నాలుగో రోజు దవాఖానకు తీస్కపోయినం.”

ఆరో రోజు సుజాత పోయింది. ఆ సంగతి స్రవంతికి తెలుసు. తెలియని మూడు రోజులు అప్పుడు తెలిశాయి. నన్ను తిట్టలేదు. తిడితే ఏం చెప్పాలో పదిహేనేళ్లుగా సిద్ధం చేసి పెట్టుకున్నాను, అది పనికి రాలేదు. సంచి తీసుకుని, పన్నెండు గంటల బస్సుకు పోయింది.

జట్టులో చోటు దొరికింది. ఆ మాట నాకు చెప్పింది హర్ష, తన హెడ్‌ఫోన్ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు. మేం కొన్న రెండు వందల అరవై గ్రాములది స్రవంతి ఇక్కడే వదిలేసింది.

ఎందుకు వదిలిందో రెండు వారాల తర్వాత తెలిసింది. ఆదివారం పొద్దున పదికి ఫోను చేసి, కంప్యూటర్ ఎట్లా పెట్టాలో, ఏది నొక్కాలో ఒక్కొక్కటే చెప్పింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే. నేను ఆ గదిలో హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టి, మైకు గోడవైపు తిప్పి కూర్చుంటాను. తను అక్కడ వింటుంది. నలభై నిమిషాలు, ఒక్కోసారి గంట. ఇప్పటికి పదకొండు ఆదివారాలైంది.

కరెంటు లేని రోజున సాంచ ఎట్లా నడిచింది, తుక్కులో పోయిన ఇనుముకు చప్పుడెక్కడిది, అవతలి చెవికి వినపడేది ఇవతలి చెవికి ఎందుకు వినపడదు. దుకాణపతన్ని అడిగాను, కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పే ఆయనను అడిగించాను. నాకైతే ఏ లెక్కా కుదరడం లేదు. నాకు ఆ గదిలో వినపడేది ఫ్యాను ఒక్కటే.

మొన్న ఆదివారం ఉండబట్టలేక, తిన్నవా బిడ్డా అని మైకులో అడిగాను. బల్ల మీది హెడ్‌ఫోన్లోంచి స్రవంతి గొంతు సన్నగా వచ్చింది.

“నువ్వు జర మాట్లాడకు బాపమ్మా. అమ్మ ముడేస్తాంది.”