అద్దం వెనక ఇన్‌హేలర్

చాలా ఏళ్ల క్రితం మా వీధి గదిలో మందుల కొట్టు పెట్టుకుంటానని మా బావ అడిగాడు. అర్జెంటు మందులు ఎప్పుడూ చేతికి అందే సొరుగులోనే ఉంచుతానని మాట ఇచ్చాడు. మా ఆవిడకు ఉబ్బసం. ఆ మాట మీదే గది ఇచ్చాను.

ఈ మధ్య కొట్టు రూపం మార్చేశాడు. సొరుగులు పోయి గోడంత అద్దాల బీరువా వచ్చింది. కంప్యూటర్లో పేరు కొడితే ఒక ఇనప చెయ్యి మందు తెచ్చి ఇస్తుంది.

ఈ సాయంత్రం మా ఆవిడకు ఆయాసం ఎక్కువైంది. ఇన్‌హేలర్ చూస్తే ఖాళీ. నేను కొట్టుకు చేరేసరికి కరెంటు పోయింది. కావలసిన ఇన్‌హేలర్ అద్దం వెనక కళ్లెదుటే ఉంది.

"తలుపు తియ్యమ్మా!" అన్నాను, కొట్లో పనిచేసే పార్వతితో.

"నాను తీస్తే రాదు తాతా. కరెంటొస్తేనే తెరుసుకుంటాది."

"అందాకా మా ముసిల్ది ఊపిరి బిగబట్టుకుంటాదేటి?"

పక్కనున్న చేపల నూకాలమ్మ అందుకుంది. "ఏటే పార్వతీ, మందుల్ని కూడా జైల్లో ఎట్టీసినారా?"

ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. ఇనప చెయ్యి తాపీగా కదిలి మందు ఇచ్చింది. మా ఆవిడ ఇప్పుడు నిద్రపోతోంది. నేను మాత్రం ఇది రాస్తూ, రెండు మాటలకోసారి ఆమె ఊపిరి వింటున్నాను.

యంత్రాల మేలు గురించి పుస్తకాల్లో చాలా చదివాను, కాదనను. కానీ కరెంటు పోతే చేత్తో తీసే తలుపు ఒకటి ఉండాలని పెట్టినవాళ్లకు తోచదా? మీ ఊరి కొట్లలో ఉందేమో చూసి చెప్పండి.

యంత్రం నాకు మాట ఇవ్వలేదు. ఇచ్చినవాడు మా బావ సింహాచలం.