పట్టు మీద చుక్క పడకూడదు

మా పెదనాయన మెడ కుదురుగా ఉండేది కాదు. ధర్మవరంలో పట్టుచీర నేస్తూ, అంచులు రెండూ కనబడేందుకు తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవాడు. నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా, పక్కచూపును తినేస్తోంది. కంటి ఒత్తిడి తగ్గడానికి ఆ ఎనభైల్లో కొత్తగా వచ్చిన చుక్కల మందు రెండు పూటలా వేసుకోమన్నాడు డాక్టరు.

పెద్దమ్మ సీసా పట్టుకుని మగ్గం చుట్టూ తిరిగేది.

"మగ్గం మీంచి చీర దిగనీ. మందు జారి పట్టు మీద పడితే మరకైతాది," అని కసిరేవాడు.

ఒక చీర దిగీ దిగకముందే మరొకటి మొదలయ్యేది.

ఒకనాడు పెద్దమ్మ ఏడ్చేసింది. "కండ్లే పోతే చీరెట్ల నేస్తావు?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి పట్టు మీద పరిచి, మొహం పైకెత్తాడు.

"అంచులు గూడా కప్పినాలే. ఇప్పుడు ఎయ్యి."

పెద్దమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుడి అంచంతా తువ్వాలుకు బయటే ఉంది.