మామయ్య నోట్లో చింతపిక్క

కొంటా ఊరి బడిలో కంప్యూటర్ టీచర్‌గా చేరిన కొత్తలో, పిల్లల మార్కులను వరుసలో పెట్టే ప్రోగ్రాం రాశాను. మధ్యాహ్నం క్లాసులో చూపించాలి. రన్ చేస్తే ఒక మార్కు రెండుసార్లు వస్తోంది, ఇంకోటి మాయమవుతోంది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని కాగితంపై గళ్లు గీసి, అంకెలు వేసిన చింతపిక్కలు పెట్టాను. రెండు చేతులతో పిక్కలు మారుస్తుంటే తప్పే దొరకదు!

"ఏంది పిల్లా, ఈ రెండు మార్చేదానికి ఇంత సేపా?" అన్నాడు పక్కనే కూర్చుని చూస్తున్న మా మేనమామ. ఒక అరచేతిలో ఖైనీ ఉంది. రెండో చేత్తో ఒక పిక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఖాళీ అయిన గడిలోకి రెండోది జరిపి, మొదటిదాన్ని రెండోదాని చోట ఉమ్మాడు. ఖైనీ ఎంగిలితో సహా!

అప్పుడే తెలిసింది. నాలా రెండూ ఒకేసారి ఎత్తడం కంప్యూటర్‌కు చేతకాదు. మొదటి అంకెను దాచే మూడో చోటు నేనివ్వలేదు, అందుకే రెండోది వచ్చి పడగానే మొదటిది చెరిగిపోతోంది. ఇచ్చాక సరిగ్గా నడిచింది.

ఇప్పటికీ ఆ పాఠం చెబుతూ మూడో చోటు అనగానే నా కళ్లముందు మామయ్య నోరే తెరుచుకుంటుంది. ఛీ!