చుట్టుదారి బాబాయి

వీధి మలుపులో గడియారాలు బాగుచేసే బాబాయిని దారి అడిగినవాడు, పార్కు చుట్టకుండా గమ్యం చేరిన దాఖలా లేదు. పోస్టాఫీసు ఆయన కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంది. అడిగినవాడు వెనక్కి తిరిగితే చాలు, కనబడుతుంది. ఆ తిరిగే అవకాశం కూడా ఇవ్వకుండా, కంటికున్న భూతద్దమైనా తీయకుండా, బాబాయి పక్కనున్న పార్కు గేటు చూపించేవాడు.

"చెట్ల కిందుగా వెళ్ళిపోండి. టిక్కెట్టు లేదు, తాళం లేదు. ఎవరైనా వెళ్ళొచ్చు."

ఈ జబ్బు ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, నిరుడు పట్టుకుంది. వీధి ఊరుకుంటుందా? చుట్టుదారి బాబాయి అని పేరు పెట్టేసింది. నొప్పులు పడుతున్న ఒకావిడ ఆటోకు మాత్రం ఆయన ఆస్పత్రికి తిన్నని దారి చెప్పాడు. అలాంటి దారి కూడా ఆయనకు తెలుసని అందరికీ ఆరోజే తెలిసింది.

అసలు నష్టమంతా పక్క కొట్టు దర్జీది. రెండు కొట్లకూ మధ్య ఒకటే గోడ. దర్జీ ఎక్కడని బాబాయిని అడిగిన పాపానికి జనం పార్కంతా తిరిగి, చెమటలు కక్కుతూ ఆ గోడకు ఇవతల తేలేవారు. దారి గుర్తుండని ఒక లావుపాటి కాంట్రాక్టరైతే కొలతలకొకసారి, ట్రయలుకొకసారి బాబాయి చేతిలోనే పడ్డాడు. ప్యాంటు తయారయ్యేసరికి నడుము తగ్గిపోయి, అది జారిపోతోందని దర్జీ మీదే కేకలేశాడు.

దర్జీ వెళ్ళి లబోదిబోమంటే బాబాయి తాపీగా, "గడియారమైనా మనిషైనా కదలకపోతే లోపల బంక పడుతుందిరా అబ్బాయ్," అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో దర్జీకి తన ఇంట్లోనే తెలిసింది. తండ్రి పోయాక అతని తల్లి గది దాటడం మానేసింది. తిండి లేదు, నిద్ర లేదు, వంటింటి దాకా నడవమంటే మోకాళ్ళన్నది. మాత్రలకన్నా ముందు పచ్చటి చోట కూర్చోబెట్టమని డాక్టరు చెప్పాడు. దర్జీ రోజూ మధ్యాహ్నం కొట్టు తెరుస్తూ ఆవిడను పార్కు బెంచీ మీద దిగబెట్టేవాడు. మొదట్లో చెట్లతో ఏం మాట్లాడను, తీసుకుపొమ్మని గొడవ చేసిన మనిషి, నెల తిరక్కుండానే కొడుకు ఆలస్యం చేస్తే తానే చెప్పులు వేసుకుని నిలబడసాగింది. ఆకలేస్తోందనీ అనసాగింది. పచ్చగాలి మహిమ అని దర్జీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఒకరోజు బడి పిల్లలందరి బట్టలూ కుట్టించడానికి ఒక హెడ్మిస్ట్రెస్ బయల్దేరింది. మలుపులో ఉన్నానని ఫోను చేసింది. ఆ తరువాత పత్తా లేదు. దర్జీకి సంగతి అర్థమైంది. ఇవాళ తాడో పేడో తేలిపోవాలనుకుని, మెడలో టేపుతోనే పార్కులోకి పరుగెత్తాడు.

హెడ్మిస్ట్రెస్ బెంచీ మీద, చెప్పులు విడిచి, హాయిగా కూర్చుని ఉంది. పక్కన అతని తల్లి. వాళ్ళ ముందు మరో ఇద్దరు దారి తప్పినవాళ్ళు.

"ముందు ఊపిరి తీసుకో అమ్మా. దారి ఎక్కడికీ పోదు," అంటోంది తల్లి. తరువాత తానే లేచి, ఒకతన్ని అవతలి గేటు దాకా నడిపించి, చకచకా వెనక్కి వచ్చింది. కొడుకు కనబడ్డాడు.

"ఈ ఊళ్ళో జనానికి బొత్తిగా దారులు తెలియవురా. నేను లేకపోతే ఏమైపోయేవాళ్ళో! నీకేం కావాలి? వరసలో నిలబడు."

బెంచీ మీద ఒక పెద్దావిడ ఉంటుందనీ, అక్కణ్ణించి దారి ఆవిడకే తెలుసుననీ గడియారాలాయన అందరికీ చెప్పి పంపుతున్నాడని హెడ్మిస్ట్రెస్ ద్వారా తెలిసింది. దర్జీ పోట్లాటకు సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసి కొట్టుకు వచ్చాడు. ఈ మాట తనతో ముందే చెబితే తెలిసినవాళ్ళనే రోజూ పంపేవాణ్ణి కదా అని బాబాయితో నిష్ఠూరమాడాడు.

బాబాయి అప్పుడు భూతద్దం తీశాడు.

"వాళ్ళు పలకరించడానికి వెళ్తారురా. వదినని చూసి జాలిపడి వచ్చేస్తారు. దారి తప్పినవాడికైతే ఆవిడతో పనుంటుంది."



ఆ వారమే మునిసిపాలిటీవాళ్ళు వచ్చి, మలుపులో అన్ని చోట్లకూ బాణం గుర్తులతో పెద్ద బోర్డు పాతి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే దర్జీ కొత్తగా కుట్టిన పొడుగు చేతుల గౌను ఒకటి తెచ్చి, నలుగురూ చూస్తారంటూ సరిగ్గా ఆ బోర్డు మీద తగిలించాడు. బాబాయి కొట్టులోంచి తల బయటపెట్టి, దాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

"ఎడమ చెయ్యి ఇంకో జానెడు పొడుగు పెట్టరా అబ్బాయ్," అన్నాడు. "పోస్టాఫీసు కనబడుతోంది."