నా పరీక్షల ఫ్రెంచి

ఆ రోజుల్లో ఇంటర్మీడియెట్‌లో ఫ్రెంచి తీసుకోవడానికీ, ఫ్రెంచి మాట్లాడటానికీ ఏ సంబంధమూ ఉండేది కాదు. తెలుగులో ఎంత రాసినా ఎనభై దాటని మార్కులు అందులో తొంభై దగ్గర మొదలయ్యేవి, అంతే. మా ఫ్రెంచి సారు వారానికో రోజు వచ్చి, నోట్సు జిరాక్సుకిచ్చి వెళ్లిపోయేవారు. ఆయన గొంతు ఎలా ఉండేదో కూడా నాకు గుర్తు లేదు. నా మార్కులు మాత్రం తొంభై ఏడు.

ఆ తొంభై ఏడే నా కొంప ముంచింది. డిగ్రీ అయ్యాక గుండ్లపోచంపల్లిలో అక్కా బావల ఇంట్లో ఉంటూ, శామీర్‌పేటలో ఒక చిన్న జూనియర్ కాలేజీకి ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం అడగడానికి వెళ్లాను. అక్కడి ప్రిన్సిపాల్‌ని అందరూ పెద్దసారు అనేవారు. ఆయన నా మెమో చూసి, "ఇంగ్లీషుకు మంది మస్తుగున్నరమ్మా. ఫ్రెంచి జెప్తవా?" అన్నారు. ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి రాని పనంటూ ఉండదు కనక "చెప్తాను సార్" అన్నాను. ఇంటికొచ్చి ఆ మాట చెబితే బావ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "నువ్వా? పిల్లలకా?" అని, అక్క చూసిన చూపుకి మళ్లీ కలుపుకున్నాడు.

వర్తమాన కాలం వరకూ బండి బాగానే నడిచింది. (బంద్‌లు ఎక్కువగా జరిగిన ఏడాది అది. సగం రోజులు కాలేజీ ఉండేదే కాదు, అదీ కలిసొచ్చింది.) తర్వాత "మాట్లాడేవాణ్ణి, ఆడుకునేవాళ్లం" అంటూ ఒకప్పటి అలవాట్లు చెప్పే భూతకాలం వచ్చింది. సూత్రం తేలిక. క్రియకు "మేము" రూపం తీసుకుని, చివర కత్తిరించి, ఆరుగురికి ఆరు తోకలు తగిలించడమే. బోర్డు మీద రాసి, కనబడిన ప్రతి అక్షరాన్నీ పలికించాను: "పార్లైస్, పార్లైస్, పార్లైట్, పార్లియోన్స్, పార్లియెజ్, పార్లైయెంట్!" నలభై మంది పిల్లలు ఎక్కాల్లా అప్పజెబుతుంటే గది అదిరేది. గంట కొట్టే ఆయమ్మ కూడా వరండాలో "పార్లైస్, పార్లైస్" అనుకుంటూ తిరిగేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

క్లాసులో అలియాబాద్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న టమాటాల వ్యాపారి. ప్రతి పాఠానికీ లేచి నిలబడుతుందని స్టాఫ్ రూంలో ఆమెకు 'డౌట్ల బేగం' అని పేరు పెట్టాం. ఒకరోజు క్లాసయ్యాక నా వెనకే వచ్చింది.

"మేడం, బుక్కు ఎనక సీడీ ఉంది గదా, నెట్ సెంటర్ల పెట్టించి ఇన్న. అండ్ల గట్ల లేదు మేడం. నేను, నువ్వు, ఆమె, వాళ్లు, నలుగురికి ఒక్కతీరుగనే 'పార్లే' అంటుండ్రు."

ఆ సీడీని నేను ప్రకటన అనుకుని అసలు తెరవనే లేదు. అయినా తడుముకోకుండా, "అది పారిస్ యాస. మనది పరీక్షల ఫ్రెంచి" అన్నాను. ఆ పిల్ల "అచ్ఛా మేడం" అంది గాని, ముఖంలో అచ్ఛా లేదు.

ఆ వారంలోనే పెద్దసారు పిలిచి, దగ్గర్లోని మందుల కంపెనీకి పని మీద వచ్చిన ఒక ఫ్రెంచావిడ మర్నాడు మన కాలేజీ చూడటానికి వస్తోందని చెప్పారు. "పిల్లలతోటి గా పార్లైస్ జెప్పియ్యి. మస్తుంటది" అన్నారు. సాయంత్రం బస్టాండు పక్కన నెట్ సెంటర్లో డౌట్ల బేగం పక్కన కూర్చుని, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. నలుగురికీ పార్లే. "రేపు నేనొక్కదాన్నే జెప్త. మిగతోళ్లను నోరు ఇప్పొద్దనుండ్రి" అంది ఆ పిల్ల.

మర్నాడు ఫ్రెంచావిడ ముందు డౌట్ల బేగం చక్కగా చెప్పింది: "పార్లే, పార్లే, పార్లే..." ఆవిడ ముఖం వెలిగింది. పెద్దసారు ముఖం మాడింది. "ఏందమ్మా, ఒక్కటే మాట తిప్పి తిప్పి చెప్తున్నవ్? భయమైతాందా? అందరు చెప్పుండ్రి!" అని చెయ్యి ఊపారు. పెద్దసారు చెయ్యి ఊపాక, నోరు విప్పొద్దన్న నా కట్టడి ఎవరికి పడుతుంది? నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి. పార్లైయెంట్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుంది.

తప్పు నాదేననీ, నేనే అలా నేర్పాననీ, నిన్ననే తెలిసిందనీ నా ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడ "వాళ్లు మాట్లాడేవారు" అన్నదాన్ని ఎవరినైనా ఫ్రెంచిలో బోర్డు మీద రాయమంది. వెనక బెంచీ పొడుగు పిల్ల వచ్చి, పా-ర్లై-యెంట్ అని గొణుక్కుంటూ, ఒక్క అక్షరం పోకుండా రాసింది. ఆవిడ పగలబడి నవ్వింది. చిన్నప్పుడు డిక్టేషన్‌లో తనకు ప్రతివారం మార్కులు పోయింది ఆ తోక దగ్గరేనట. వినడానికి అన్నీ ఒకటే కదా! తనకూ ఎవరైనా ఇలా నేర్పి ఉంటే బాగుండేదంది. వెళ్లేముందు డౌట్ల బేగంకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

ఉద్యోగం పోయిందనుకుంటూ పెద్దసారు గదికి వెళ్లాను. "పరీక్షల్ల నోటితోటి అడుగుతరా?" అన్నారాయన. లేదన్నాను. "మరి పరేషాన్ ఏంది? పో, జల్దీ సిలబస్ పూర్తి జెయ్యి."

కానీ మర్నాడు సీడీ పట్టుకుని క్లాసుకు వెళ్లి, ఇన్నాళ్లూ తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అప్పుడు పొడుగు పిల్ల మెల్లగా లేచి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది:

"అయితే మేడం, గిన్ని దినాలు మనం మాట్లాడింది ఏం భాష?"

నేనిప్పుడు ఆ తోకల్ని సరిగ్గానే పలుకుతాను. కానీ ప్రపంచంలో నలభై ఒక్కమందిమి మాత్రమే, ఒక్క ఏడాది, శామీర్‌పేటలో మాట్లాడిన ఆ భాషకు ఏం పేరు పెట్టాలో మాత్రం ఇంకా తెలియదు. అంత ధీమాగా ఇంకే భాషా మాట్లాడలేదు నేను.