అత్తయ్య కడిగిన ఫోటోలు

ఏలూరు నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చిన మా తమ్ముడు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అత్తయ్య పోయిందక్కా" అన్నాడు. జ్వరమే కదా, తగ్గిపోతుందిలే అనుకున్నారట అందరూ. ఊపిరితిత్తుల్లోకి దిగింది. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లి, కట్టుకున్న చీరతోనే తాడేపల్లిగూడెం స్టేషనుకు నడిచాను.

ఆవిడ మా నాన్నగారి అక్క. ఏలూరులో ఆడపిల్లల బడిలో చదువుకున్నవాళ్లకు ప్రకృతిశాస్త్రం టీచరుగా తెలుసు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఫోటోల టీచరమ్మగారు. ఈ రెండింటిలో ఏ విధంగానూ ఆవిడను ఎరగని పాఠకుల కోసమే ఈ నాలుగు మాటలు.

పెళ్లయిన కొత్తలోనే భర్త పోయారు. పుట్టింటికి తిరిగొచ్చి చదువుకుని టీచరయ్యారు. మిషను ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఒకావిడ స్వదేశం వెళ్లిపోతూ తన కెమెరా అత్తయ్యకు ఇచ్చి వెళ్లింది. మెడలో వేలాడే పెట్టె అది. తల వంచి పైనుంచి అందులోకి చూడాలి. అత్తయ్య వంటింటి పక్కన సామాన్ల గదికి నల్లదుప్పట్లు కట్టి, దీపానికి ఎర్రకాగితం చుట్టి, తన ఫోటోలు తనే కడిగేవారు. ఆవిడ చీరకు ఎప్పుడూ ఫోటోలు కడిగే హైపో వాసన. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు చిట్లిస్తే, "మందు వాసనమ్మా, నాది కాదు" అని నవ్వేవారు. కడిగిన ఫోటోలు పెరట్లో బట్టల తీగె మీదే ఆరేవి, లంగాలకీ తువ్వాళ్లకీ మధ్య కొంగలూ బాతులూ.

ఇదంతా బడిలోనే మొదలైంది. ఒకరోజు పాఠంలో గూడబాతు వచ్చింది. దవడ కింద సంచి వేలాడే ఆ పెద్ద పక్షిని ఎవరైనా చూశారా అని అడిగితే ఒక్క పిల్లా చెయ్యెత్తలేదట. "కొల్లేటి పక్కన పుట్టి, బల్లమీద సుద్దబొమ్మ చూసి నేర్చుకోవడం ఏమిటి?" అని ఆ ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కారు. అలా తిరగడం మొదలుపెట్టాక ఇంకొన్ని కంటపడ్డాయి. పట్నం నుంచి తుపాకులతో వచ్చి సరదాకి కాల్చి వదిలేసి వెళ్లిన పక్షులు. నరికిన చెట్లతో పాటు నేలకు పడ్డ గూళ్లు. అప్పటినుంచి అవి కూడా తీశారు.

సెలవుల్లో మా ఇంట్లో దిగేవారు. నేను గొడుగు పట్టుకుని వెంట వెళ్లేదాన్ని. చేలగట్ల మీద కూర్చుంటే గంటలు గడిచేవి. నేను విసుక్కుంటే, "తొందరపడి నొక్కితే నీ తొందరే ఫోటోలో పడుతుంది అమ్మాయ్" అనేవారు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు చలికాలంలో సంగతి ఇది. మా తాడేపల్లిగూడేనికి దగ్గర్లో ఒక ఊళ్లో, దిబ్బ మీది తాటితోపులో గూడబాతులు గూళ్లు పెట్టేవి. మేతకు కొల్లేరు వెళ్లి, చేపలు సంచిలో పట్టుకుని తిరిగొచ్చేవి. ఆ తోపు ఆసామీ కొడుక్కి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందే కొత్త ఇల్లు లేపాలని ఆయన పట్టుదల. చేవదేరిన పాతచెట్లే దూలాలకు పనికొస్తాయి. పక్షులు కూడా ఆ పాతచెట్లనే ఎంచుకుంటాయి. మేము వెళ్లేసరికి కొన్ని చెట్లు అప్పటికే నేలమీద ఉన్నాయి. ఈకలు కూడా రాని పిల్లలు గూళ్లతో సహా పడి చచ్చి ఉన్నాయి. అత్తయ్య చెంపలు తుడుచుకుంటూనే ఫోటో తీశారు. ఆసామీ అక్కడే ఉన్నాడు.

"చెట్లు నావి కదండీ" అన్నాడాయన, మెత్తగానే.

"మీవేనండి. కాదని ఎవరంటారు?" అన్నారు అత్తయ్య. కెమెరా మూసి దిబ్బ దిగారు.

దారిలో నేనడిగాను, కాస్త నచ్చజెప్పి ఉండాల్సింది కదా అని. "చెప్తే వాదిస్తారు. చూపిస్తే కాసేపు ఊరుకుంటారు. ఆ కాసేపు చాలు" అన్నారు.

మరుసటి ఆదివారం ఆ ఊరి బడి వరండాలో నులకతాళ్లు కట్టి, చీల్చిన వెదురుపుల్లలతో ఫోటోలు బిగించారు. ఊరంతా వచ్చింది. "మన దిబ్బే కదండీ ఇది", "అదిగోనర్రా మన కాలవగట్టు" అని ఒకళ్లకొకళ్లు చూపించుకున్నారు. రోజూ చూసే చెట్లను కాగితం మీద చూసి అంత సంబరపడతారని నేననుకోలేదు. ఆసామీ తల్లి, బాగా పెద్దావిడ, ఒక ఫోటో ముందు ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం గూటి అంచున తల్లిపక్షి రెక్కలు విప్పి నిలబడి ఉంది. కింద నీడలో పిల్ల.

"ఎండకి అడ్డం నిలబడిందర్రా" అంది ఆవిడ. "పిల్లకి నీడ పడుతోంది."

వరస చివర్లో, పడిన గూళ్ల ఫోటో ఉంది. అది పెట్టొద్దండీ అని నేను ముందే బతిమాలాను, వినలేదు. దాని ముందుకు రాగానే మాటలు ఆగిపోయాయి. ఆసామీ ముఖం నల్లబడింది.

"నన్ను దోషిని చేసి ఊళ్లో నిలబెట్టారండి టీచరుగారూ. తీసెయ్యండి."

అత్తయ్య పుల్ల ఊడదీసి ఫోటో ఆయన చేతిలో పెట్టారు. "మీ తోపుదండి. ఏం చేస్తారో మీ ఇష్టం." ఆయన దాన్ని కండువాలో చుట్టుకుని ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు. పని చెడిందనుకున్నాను. బండిలో, "అంత కష్టపడి తీసింది ఇచ్చేశారేమిటండీ?" అంటే, "ఆయన కోసమే కదమ్మా తీసింది" అన్నారు.

కొన్నాళ్లకి ఆసామీ మా ఇంటిముందు బండి ఆపాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఏవండీ, టీచరుగారికి కబురు చెప్పండి. పిల్లలు ఎగిరిందాకా తోపులో గొడ్డలి పెట్టమండి. నేను పట్టుకెళ్లిన ఆ ఫోటో మా అమ్మ ఎదురుగా పెట్టుకుని అన్నం మానేసి కూర్చుందండి" అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా. "పెళ్లి పాత ఇంట్లోనే చేస్తామండి. మీరు కూడా రండి."

పిల్లలు ఎగిరిపోయాయి. ఎండలు ముదిరాక ఆయన కొన్ని చెట్లు కొట్టాడు, తక్కినవి ఉంచాడు. ఆ తరవాతి చలికాలం పక్షులు తక్కువే వచ్చాయి. అత్తయ్య దిబ్బ కింద చాలాసేపు కూర్చుని లేచారు. "ఈ ఏటికి ఇవి ఉన్నాయి కదా. వచ్చే ఏటిది వచ్చే ఏడు అడుగుదాం" అన్నారు. అడగవలసిన పని లేకపోయింది. తుపాకులతో వచ్చినవాళ్లను ఆ ఊరివాళ్లే కాలవగట్టు దగ్గర ఆపి, మర్యాదగా మజ్జిగ ఇచ్చి మరీ వెనక్కి పంపించారు.

అక్కణ్ణుంచి ఆ ఫోటోలతో ఉండి, అత్తిలి లాంటి ఊళ్లకు వెళ్లారు, సంతల్లో తాళ్లు కట్టారు. కొందరు నవ్వేవారు. "పిట్టలకి ఫోటోలేంటండీ, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఒకటి తీసిపెట్టండి" అనేవారు. "తీస్తాను, ముందు ఇవన్నీ చూసి రండి" అనేవారు అత్తయ్య. అలా తీసిన ఫోటోలతో పెళ్లిళ్లయిన ఆడపిల్లలు ఈ జిల్లాలో ఎంతమందో. మగపెళ్లివాళ్ల చేతికి వెళ్లిన ఒక ఫోటోలో పిల్ల వెనక గట్టుమీద కొంగ ఉందట. కావాలని ఉంచారా అంటే చెప్పేవారు కాదు.

సమాధి చేసిన మర్నాడు ఏలూరు ఇంట్లో చాపమీద కూర్చుని ఉన్నాం. వీధిలో ఎవరో "టీచరుగారండీ" అని పిలిచారు. ఆ తోపు ఆసామీ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ముఖం నిండా నవ్వుతో, "పిట్టలు దిగినాయండి. చెప్పిపోదామని వచ్చాను" అన్నాడు. ఏటా ఇలాగే వచ్చి చెప్పి వెళ్లేవాడని అప్పుడే తెలిసింది నాకు. మా తమ్ముడు సంగతి చెప్పాడు. ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి, "ఈసారి బాగా వచ్చినాయండి" అన్నాడు, లోపలి గదివైపు చూస్తూ.

నేను ఆవిడతో ఆఖరిసారి కొల్లేరు వెళ్లింది పోయిన ఫిబ్రవరిలో. తాటిదోనెలో ఒక లంక పక్కకి వెళ్లాం. మమ్మల్ని చూసి బాతుల గుంపంతా లేచిపోయింది. అత్తయ్య దోనె దిగి, చీర ఎగదోపుకుని మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డారు. మెడ వంచి కెమెరాలోకి చూస్తున్నారు. ఫిల్ము అయిపోయిందని అంతకుముందే నాతో అన్నారు. అయినా కదల్లేదు. దోనెవాడు తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నాడు. ఆవిడ చుట్టూ నీళ్లు తేరుకున్నాయి. లేచిపోయిన బాతులు ఒకటొకటిగా తిరిగొచ్చి, ఆవిడకి కాస్త అవతలగా నీళ్లమీద వాలుతున్నాయి.