అంగట్లో పచ్చదనం

కోడుమూరులో బట్టలంగడి నడిపే సుందరలక్ష్మికి పర్యావరణమంటే ప్రాణం. వ్యాపారుల సంఘం వాళ్లు ‘పచ్చని అంగడి’ అని శాలువా కప్పినప్పటి నుంచి ఆ ప్రేమ మరీ ముదిరింది. ప్లాస్టిక్ సంచులు పోయి గుడ్డసంచులు వచ్చాయి. అన్నం తిన్నాక కునుకు తీసే వేళలో పనివాళ్లే వాటిని కుట్టాలి. ప్లాస్టిక్ కదా అని మంచినీళ్ల క్యాను కూడా మాన్పించింది. ఎవరి నీళ్లు వాళ్లే మోసుకురావాలి. గడప దగ్గర కొనేవాళ్లు చెప్పులు విడిచిన చప్పుడైతేనే ఆమె చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదికి పోతుంది. వాళ్లటు వెళ్లగానే ఆపేసి, కొంగుతో విసురుకుంటూ, "కరెంటు ఊరికే వస్తాదా? భూమాత కడుపు కాల్చుకుంటేనే కదా" అంటుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం అంగట్లో పనిచేసే ప్రేమమ్మ చీరలు మడతపెడుతూ పెడుతూ స్పృహ తప్పి ఒరిగిపోయింది. "ఫ్యానెయ్యమ్మా!" అని పక్కనే పనిచేస్తున్న రెజీనా అరిచింది. సుందరలక్ష్మి అలవాటుగా గడప వైపు చూసింది. ఎవరూ లేరు. "ఉండు, నీళ్లు తెస్తా" అని లేచి, స్టీలు చెంబుతో పాటు వాకిట్లోని మందారం కుండీని కూడా ఈడ్చుకొచ్చింది. ప్రేమమ్మ తలను కుండీ మీదికి వంచి పట్టుకోమని రెజీనాకు చెప్పి, అప్పుడు ముఖాన నీళ్లు చల్లింది. ఒక్క చుక్క నేలపాలు కాలేదు.

"ఎంత దప్పికతో ఉండావే నా తల్లీ!"

ఆ మెత్తని గొంతుకు ప్రేమమ్మ కళ్లు తెరిచింది. యజమానురాలి చెయ్యి తన చెంప పక్కనే ఉంది. మందారం ఆకులు నిమురుతోంది.